మేడ మీద గుమ్మం

అమలాపురం,
నవంబరు 3

మా ఇంటి ప్లానింగ్ సెక్రటరీ సౌజన్యకి, ప్లానూ గీనూ తెలియని వదిన భవాని ఆశీర్వదించి రాసేది.

ఫోనుండగా ఉత్తరమేమిటని నవ్వుకుంటున్నావా? నవ్వుకో. ఈ ఇంట్లో ఫోను ఎవరిదైనా మాట అందరిదీ. నేను హలో అనగానే మీ అన్నయ్య స్పీకరు నొక్కమంటారు, అత్తయ్యగారు కుర్చీ దగ్గరికి జరుపుకుంటారు. నువ్వు హాస్టల్లో ఉన్నప్పుడు రాసుకున్నట్టే మళ్లీ రాసుకుందాం. పార్వతీపురం ఎంత దూరమని, మూడో రోజుకల్లా నీ చేతిలో ఉంటుంది.

అసలు సంగతి చెప్తాను, కూర్చుని చదువు. మేడ మీద నాకో గది వేస్తున్నాం.

మొన్నటి తుపానుకి వరండా రేకులు లేచిపోయి పక్కవాళ్ల దొడ్లో పడ్డాయి. నేను ఈ ఇంటికి వచ్చినప్పటినుంచీ నా కుట్టుమిషన్లు ఆ రేకుల కిందే కదా. ఇప్పుడవి హాల్లోకి వచ్చాయి. మీ అన్నయ్య టిఫిను పళ్లెం పెట్టుకుందామంటే జాకెట్టు ముక్కలు, టీవీ ముందు కూర్చుందామంటే లంగాల అంచులు. మొన్న ఇడ్లీలో దారం వచ్చింది. ఆయన దాన్ని చివరిదాకా లాగి, పళ్లెం అంచున పెట్టి, "నీకు దణ్ణం పెడతాను భవానీ, మేడ మీద ఓ గది వేసేసుకో. నా ఇడ్లీ నాకు వదిలెయ్యి" అన్నారు. కొబ్బరికాయల బేరంలో కూడా అంత తొందరగా ఒప్పుకున్న మనిషి కాదు. నోట్లోంచి ఊడిపడిన మాట వెనక్కి తీసుకోనిస్తానా?

సౌజన్యా, నాకు కాలు నిలవడం లేదు. పెళ్లయి ఇన్నేళ్లయింది, ఇది నాది అని చెప్పుకునే చోటు ఒక్కటీ లేదు నాకు. ఆ గదిలో మరో ముగ్గురు ఆడవాళ్లని కూర్చోబెట్టి పని చేయిస్తాను. వీధిలోకి కనపడేలా బోర్డు పెడతాను. బోర్డు రంగు కూడా అనుకున్నాను, చెప్తే వెక్కిరిస్తావని చెప్పడం లేదు.

ఒకటే చిక్కు. నెలాఖరు నుంచి మూఢం, ఫిబ్రవరి దాకా ముహూర్తాల్లేవు. ఇరవై రెండో తేదీన గుమ్మం ఎత్తేస్తే, ద్వారబంధం నిలబెట్టి పూజ చేసేస్తే, ఆ తర్వాత మూఢంలోనైనా పని నడుపుకోవచ్చని పంతులుగారు అన్నారు. మన ఇంటి మీద మన గదికి ఎవరి అనుమతి కావాలని మీ అన్నయ్య. మా మరదలు ఊరుకోదండి అని నేను. నువ్వేమంటావు?

నీ వదిన,
భవాని

పార్వతీపురం,
నవంబరు 8

వదినకి సౌజన్య నమస్కారాలు.

ఆఫీసులో చదివాను నీ ఉత్తరం. ఇడ్లీ దగ్గర పైకే నవ్వాను, ఎదురుగా అర్జీ పట్టుకుని నిలబడ్డ ముసలాయన తన అర్జీ చూసే నవ్వాననుకున్నాడు. నాకు చెప్పలేనంత సంతోషంగా ఉంది. బోర్డు రంగు నాకు తెలుసు, వంగపండు రంగు. నీ పెళ్లి చీరల్లో సగం అదే కదా.

ఇక వార్డు ప్లానింగ్ సెక్రటరీగా నా ఉద్యోగం మాటలు విను. గోడలకి సున్నం వేసుకో, గచ్చు మార్చుకో, పాత తలుపు తీసి కొత్తది పెట్టుకో, నిన్నెవరూ ఏమీ అడగరు. కొత్త గోడ లేచినా, మెట్లు వచ్చినా, ఇల్లు పైకి గానీ పక్కకి గానీ పెరిగినా ముందే అనుమతి తీసుకోవాలి. ఇది ఊరికే మమ్మల్ని కుర్చీల్లో కూర్చోబెట్టడానికి పెట్టింది కాదు. పక్కింటికి గాలీ వెలుతురూ పోకూడదు. నిప్పంటుకుంటే మనిషి ఇంటి చుట్టూ తిరగడానికి జాగా ఉండాలి. అన్నిటికన్నా ముందు, కింద ఇల్లు పై గదిని మొయ్యాలి. నాన్న మనిల్లు కట్టినప్పుడు మేడ మీద గది సంగతి ఆయన మనసులో ఉందో లేదో మనకి తెలియదు. మన నేల సంగతి చూస్తే రెండడుగులు తవ్వితే నీళ్లు.

లైసెన్సున్న ఇంజనీరుని పిలిపించు. ఆయన కొలిచి, ప్లాను గీసి, ఆన్‌లైన్‌లో పెడతాడు. ఇల్లు అమ్మ పేరున ఉంది కాబట్టి అమ్మే సంతకం పెట్టాలి. తర్వాత వార్డు సచివాలయం నుంచి నాలాంటి వాళ్లొకరు వచ్చి చూస్తారు. అంతే, భయపడాల్సింది ఏమీ లేదు.

ఇక్కడ ఒకాయన కిందటి వారం తన ఇంటి మెట్లు ఏకంగా రోడ్డు మీదికి దింపేశాడు. నోటీసిస్తే, మీ ఇంట్లో ఇలా ఎప్పుడూ చెయ్యలేదా అమ్మా అని అడిగాడు. చెయ్యలేదండీ అని తలెత్తుకుని చెప్పాను. నా తల దించకు వదినా. అనుమతి చేతికి వచ్చేదాకా ఒక్క ఇటుక పెట్టొద్దు. నీకు మూఢం ఎంతో మాకు ఫైలు అంత.

ప్రేమతో,
సౌజన్య

అమలాపురం,
నవంబరు 15

సౌజన్యకి వదిన రాసేది.

వంగపండు రంగని నీకెవరు చెప్పారు? మీ అన్నయ్యే చెప్పి ఉంటారు, ఆయన కడుపులో ఆవగింజ దాగదు.

ఇంజనీరమ్మ రేవతిగారు వచ్చారు. కుచ్చిళ్లు బొడ్లో దోపుకుని, టేపు పట్టుకుని పిట్టగోడ అంచుదాకా వెళ్తే నాకు గుండె ఆగింది. అన్నీ కొలుచుకున్నారు, అత్తయ్యగారి చేత సంతకాలు పెట్టించుకున్నారు. పునాది చూస్తే గానీ ప్లాను గియ్యను, మూలన గొయ్యి తవ్వించండి అన్నారు. తవ్వించాం. నువ్వన్నట్టే నీళ్లు ఊరాయి. అవి ఇంకేదాకా ఆవిడ రారు, ఆవిడ వచ్చేదాకా ప్లాను లేదు. అంటే ముహూర్తానికి అనుమతి రాదు.

కత్తెర పట్టుకుని పొద్దుటి నుంచి ఆలోచించాను. నువ్వు ఒక్క ఇటుక పెట్టొద్దన్నావు. గుమ్మంలో ఇటుకెక్కడుంది చెప్పు? అది కర్ర. గోడా గీడా లేకుండా ఉత్త గుమ్మం నిలబెట్టి, అటొకటి ఇటొకటి వాసాలు ఆసరా పెట్టి, పూజ చేయించి ఊరుకుంటాం. గుమ్మం లేస్తే చాలమ్మా, గోడ ఎప్పుడొచ్చినా మాకు అభ్యంతరం లేదని పంతులుగారు అన్నారు. దేవుడికి ముహూర్తం, మీ వాళ్లకి అనుమతి. ఎవరిది వాళ్లకి ఇచ్చేస్తే గొడవే లేదు.

మేస్త్రి వెంకటస్వామి మేడంతా సుద్దతో గీతలు గీశాడు. గోడలు, కిటికీ, పక్క సందులోంచి విడిగా మెట్లు, ఒక గోడ పొడుగునా నడుం ఎత్తున రాయి పరిచిన గట్టు, దాని చివర కుళాయి. ఆ గీతల మధ్య నిలబడితే నిజంగా గదిలో ఉన్నట్టే ఉంది నాకు. మీటరూ డోర్ నంబరూ వేరేగా వస్తాయా అని మేస్త్రిని అడుగుతుంటే అత్తయ్యగారు లోపలి మెట్లెక్కి వచ్చారు. గీతలన్నీ చూశారు, వచ్చిన దారినే దిగిపోయారు. ఎండ తగిలిందేమోనని మజ్జిగ ఇస్తే వద్దన్నారు. వాకబు చెయ్యి, నీతో అయితే చెప్తారు.

నీ వదిన,
భవాని

పార్వతీపురం,
నవంబరు 19

వదినా,

ఈ ఉత్తరంలో వేళాకోళం లేదు.

నువ్వు చెప్పినట్టే అమ్మకి ఫోన్ చేశాను. పెరట్లోకి వెళ్లి మాట్లాడింది, మాట్లాడినంతసేపూ ఏడ్చింది. కింద హాల్లో అడుగు పెట్టక్కర్లేకుండా విడిగా మెట్లు. మీటరు వేరు. డోర్ నంబరు వేరు. నడుం ఎత్తున రాతి గట్టు, పక్కనే కుళాయి. అది పొయ్యి పెట్టుకునే గట్టు కాకపోతే ఏమిటని అమ్మ అడిగింది. నేనూ అదే అడుగుతున్నాను. జాకెట్లు కుట్టుకోడానికి కుళాయి ఎందుకు వదినా?

నువ్వూ అన్నయ్యా వేరు కుంపటి పెట్టుకుంటున్నారు. పెట్టుకోండి, మీ ఇష్టం. కానీ అమ్మ సంతకంతో, అమ్మ నెత్తి మీద, కుట్టుపని పేరు చెప్పి పెట్టుకోవడమేమిటి? మేడ మీద ఒక గదే కదా అని మొదలుపెట్టి, ఏడాది తిరక్కుండా కింద తల్లీ పైన కొడుకూ అయిపోయిన ఇళ్లు నా వార్డులోనే ఎన్నో ఉన్నాయి. ఆ ఇళ్లకి నేను ప్లాన్లు చూశాను. మన ఇంటికి అలాంటి ప్లాను చూడాల్సి వస్తుందనుకోలేదు.

పైగా గుమ్మంలో ఇటుకెక్కడుందని నాకే వాదన చెప్తావా? అనుమతి లేకుండా ఏం నిలబెట్టినా నిలబెట్టినట్టే. ఇరవై రెండున ఆ గుమ్మం ఎత్తొద్దు. ఎత్తితే నా చేతిలో ఉన్నది నేను చేస్తాను.

సౌజన్య

అమలాపురం,
నవంబరు 22

సౌజన్యా,

హడావుడిగా రాస్తున్నాను, అక్షరాలు చూసి తిట్టుకోకు. గుమ్మం లేచింది. వెంటనే నోటీసూ వచ్చింది. రెండూ ఒక్క గంటలో.

పొద్దున్నే టేకు గుమ్మాన్ని మేడెక్కించారు. నేనే పసుపు రాసి బొట్లు పెట్టాను. మామిడాకులు కట్టి, నవధాన్యాల మూట పైన కట్టి, కొబ్బరికాయ కొట్టారు. చుట్టూ ఏమీ లేదు, మధ్యలో ఒక్క గుమ్మం. గాలికి ఊగుతుంటే మీ అన్నయ్య ఒక పక్క పట్టుకున్నారు, మేస్త్రి ఇంకో పక్క. నేను కుడికాలు పెట్టి ఇటు నుంచి అటు దాటాను. ఆకాశంలోంచి ఆకాశంలోకే దాటాను గానీ, నాకు మాత్రం గదిలోకి వెళ్లినట్టే అయ్యింది. కళ్లమ్మట నీళ్లు ఆగలేదు.

అప్పుడే కింద బండి ఆగింది. "వార్డు సచివాలయం నుంచి వచ్చేనండి. నా పేరు సుబ్రహ్మణ్యేశ్వరరావండి" అన్నాడు, నీ వయసు కుర్రాడే. ఆ పేరు పూర్తయ్యేలోపు హారతి కొండెక్కింది. పైకి వచ్చి గోడల కోసం చూశాడు. లేవు. గుమ్మం చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు. కొలుద్దామని దాటబోతే అత్తయ్యగారు, "చెప్పులు బాబూ, పసుపు రాసిన గుమ్మమండి" అన్నారు. ఆయ్ ఆయ్ అంటూ చెప్పులు విప్పి పక్కన పెట్టాడు.

మీ అన్నయ్య ఊరుకుంటారా, గోడ లేనిది కట్టడమెలాగవుతుందని అడిగారు. "గోడ లేదని నాకూ కనపడతాందండి. గుమ్మం ఉన్నట్టు మాత్రం రాసుకోవాలండి" అని ఫొటో తీసుకున్నాడు. ఎవరో ఫోన్ చేసి చెప్పారట, పేరు చెప్పకూడదట. పులిహోర పెడితే తిన్నాడు, చెయ్యి కడుక్కుని నోటీసు ఇచ్చాడు. పది రోజుల్లోగా అనుమతి చూపించాలి, లేకపోతే గుమ్మం దించాలి.

ఎత్తిన గుమ్మం దించితే ఇంటికి అరిష్టమని పంతులుగారు వెళ్తూ వెళ్తూ అనేశారు. దాంతో మీ అన్నయ్యకి గుండె జారింది. ఈ గది మనకి అచ్చిరాదేమో, హాల్లోనే కుట్టుకో, ఇడ్లీ నేను వంటింట్లో తింటానులే అంటున్నారు. సౌజన్యా, నా గది నా కళ్ల ముందే పోతోంది. వీధిలో అందరికీ మాత్రం చెప్పాను, మా మరదలు ఇదే డిపార్టుమెంటు, అది ఒక్క మాట చెబితే ఇలాంటి నోటీసులు నాలుగు వెనక్కి పోతాయని. నీ మీదే ఉంది నా ధైర్యమంతా.

వదిన

అమలాపురం,
నవంబరు 24

సౌజన్యకి,

మొన్నటి నా ఉత్తరం పోస్టు డబ్బాలో వేసి వచ్చాక నీది వచ్చింది, పంతొమ్మిదో తేదీది. నాలుగుసార్లు చదివాను.

ఇన్నేళ్లుగా నేల మీద గుడ్డ పరుచుకుని వంగి కత్తిరిస్తున్నాను. సాయంత్రమయ్యేసరికి నా నడుం నాది కాదు. నడుం ఎత్తున గట్టు ఉంటే నిలబడి కత్తిరించుకోవచ్చు. కుళాయి ఎందుకంటే, లైనింగు గుడ్డ ముందుగా తడిపి ఆరేస్తే గానీ కుట్టాక ముడుచుకుపోతుంది, ఇస్త్రీకీ నీళ్లు చల్లాలి. మెట్లు విడిగా ఎందుకంటే, కొలతలివ్వడానికి వచ్చిన ఆడపిల్లలు లుంగీలో కూర్చున్న మీ అన్నయ్య ముందు నుంచి వెళ్లలేక సిగ్గుపడుతున్నారు. మీటరు వేరే పెట్టుకోమని లైన్‌మేన్ చెప్పాడు. పొయ్యి కింద ఉంది, కిందే ఉంటుంది. రేపు పొద్దున్న కూడా అత్తయ్యగారికి కాఫీ ఆ పొయ్యి మీదే.

నాకు కష్టం వేసింది. దాచుకోను. నన్ను ఒక్క మాట అడిగితే తేలిపోయేది. అత్తయ్యగారు పెద్దావిడ, గీతలు చూసి బెంగపడ్డారు. నువ్వు ప్లాన్లు చదివేదానివి, నా మనసు చదవలేకపోయావు.

నీ ఉత్తరం ఆవిడకి చూపించలేదు. చెయ్యి పట్టుకుని మేడ మీదికి తీసుకెళ్లి, సుద్ద గీత పొడుగునా చీర పరిచి, కత్తెర పట్టుకుని ఎలా నిలబడతానో చూపించాను. గీత మీద చెయ్యి వేసి చూశారు. "ఇది బట్ట కోసే గట్టా అమ్మా? మరి నేనెక్కడ కూచోను? హుక్కులు కుట్టడం నాకూ వచ్చు కదా" అన్నారు. కిటికీ పక్కన ఇంకో గీత గీశాం, ఆవిడ కుర్చీకి. ఇప్పుడు గుమ్మం దించితే తన్ను దించినట్టేనని మీ అన్నయ్యతో పోట్లాడుతున్నది ఆవిడే.

నీకు వీలైతే నోటీసుకి ఏం రాయాలో చెప్పు. వీలుకాకపోతే రేవతిగారిని అడుగుతాను.

భవాని

పార్వతీపురం,
నవంబరు 27

వదినా,

నీ రెండు ఉత్తరాలూ ఒకేరోజు వచ్చాయి. ముందు పెద్దది చదివాను, తర్వాత చిన్నది. ఆ తర్వాత ఇంకేం పనీ చెయ్యలేకపోయాను. నన్ను క్షమించు. అమ్మ ఏడుపు విని నేను ఆలోచించడం మానేశాను. నడుం సంగతి నాకు తెలియాల్సింది, చిన్నప్పుడు నీ నడుం తొక్కింది నేనే కదా.

నోటీసు సంగతి. భయపడకు, జవాబు రాసి దీంతో పంపుతున్నాను, అమ్మ చేత సంతకం పెట్టించి ఇవ్వు. గుమ్మాన్ని సిమెంటుతో బిగించలేదు, పూజ కోసం నిలబెట్టింది, ప్లాను తయారవుతోంది, అనుమతి వచ్చేదాకా పని జరగదు. ఇవన్నీ నిజాలే కాబట్టి ఒప్పుకుంటాడు. సుబ్రహ్మణ్యేశ్వరరావు మంచివాడు, ట్రైనింగులో మా బ్యాచే. నేనూ మాట్లాడాను. రేవతిగారితోనూ మాట్లాడాను, గొయ్యిలో నీళ్లు మోటారుతో తోడించేస్తామన్నారు. మెట్లు ప్రహరీకి ఆనించొద్దని చెప్పు. కిటికీ పెద్దది పెట్టించు, అమ్మకి వెలుతురు కావాలి. కుళాయి నీళ్లు సందులోకి పోకుండా గొట్టం కింది దాకా దింపమను. గట్టుకి నల్లరాయి వద్దు, సుద్ద గీతలు కనపడవేమో, లేతరంగు చూడు. మిషన్ల దగ్గర ప్లగ్గులు చేతికి అందే ఎత్తులో పెట్టించు.

ఆ ఫోన్ ఎవరు చేశారో కనుక్కోమని మాత్రం అడక్కు వదినా. మా దాంట్లో ఫిర్యాదు ఇచ్చినవాళ్ల పేరు బయటపెట్టకూడదు.

అన్నయ్యకి చెప్పు, ఆ గది అచ్చొస్తుంది.

సౌజన్య

అమలాపురం,
ఫిబ్రవరి 9

సౌజన్యా, మేడ మీద నుంచి రాస్తున్నాను. నా గదిలోంచి. గట్టు మీద కాగితం పెట్టుకుని, నిలబడి.

నీ జవాబు చూసి నోటీసు ఆపేశారు. ఇంజనీరమ్మ గొయ్యిలో దిగి చూస్తే వీధి వైపు పునాది చాలా పైపైన ఉంది. మీ అన్నయ్యా మేస్త్రీ, నాతో అనకుండా, ముహూర్తం కాగానే నాలుగు వరసల గోడ లేపేద్దామని ఇటుకలు కూడా చెప్పి ఉంచారట. నోటీసు రాకపోతే ఆ బరువంతా వెళ్లి కింద హాలు మీద పడేది. ఇప్పుడు నేల నుంచి నాలుగు స్తంభాలు లేపి, వాటి మీద గదిని నిలబెట్టారు. అనుమతి వచ్చిన రోజు మీ అన్నయ్య ఆ కాగితాన్ని దేవుడి పటం పక్కన పెట్టి దణ్ణం పెట్టుకున్నారు. అంతకు ముందు దానికి ఎన్ని తిట్లు తిట్టారో నాకు తెలుసు. గుమ్మం ఎత్తిన చోటే ఉంది, చుట్టూ గోడలు వచ్చాయి. అత్తయ్యగారు రోజూ ఎక్కి తన కిటికీ దగ్గర కూర్చుని, వీధిలో పోయేవాళ్లందరినీ పిలిచి గది చూసి వెళ్లమంటున్నారు. ఇంకా మిషనే ఎక్కలేదు, అప్పుడే నలుగురు జాకెట్టు గుడ్డలు ఇచ్చి వెళ్లారు. గంతులెయ్యాలని ఉంది నాకు, ఈ వయసులో బాగుండదని ఊరుకుంటున్నాను.

మూఢం వెళ్లాక ఇరవై ఆరో తేదీన మిషన్లు పైకి ఎక్కిస్తున్నాం. నువ్వు రావాలి. రాలేను, ఇన్‌స్పెక్షన్ ఉంది అంటే వినను.

ఒక్క సంగతుంది. ఆ రోజు మీ సుబ్రహ్మణ్యేశ్వరరావు గట్టు గీత దగ్గర ఆగి, "పొయ్యి ఇక్కడేనాండి?" అని అడిగాడు. ఇతనికి పొయ్యి సంగతి ఎక్కడి నుంచి వచ్చిందా అనుకున్నాను. మర్నాడు నీ ఉత్తరం చదివాక తెలిసింది. ఎవరికీ చెప్పలేదు. మీ అన్నయ్యకీ, అత్తయ్యగారికీ ఇప్పటికీ తెలియదు. కోపం వచ్చింది, చాలా రోజులు ఉంది. నీ ఫోను వల్లే ఇల్లు నిలబడిందని తెలిశాక కూడా ఉంది. ఇల్లు నిలబడ్డందుకు నీకు దణ్ణం పెడతాను, దానికీ దీనికీ చెల్లు మాత్రం పెట్టను.

మా పెళ్లయి నేను మొదటిసారి ఈ ఇంటికి వచ్చినప్పుడు గుమ్మంలో రెండు చేతులూ అడ్డం పెట్టి నిలబడ్డావు, తొమ్మిదో తరగతి పిల్లవి. పేర్లు చెబితే గానీ లోపలికి రానివ్వనన్నావు. మీ అన్నయ్య గబుక్కున చెప్పేశారు. నేను సిగ్గుతో నీళ్లు నమిలాను. అందరూ పోనీలే పాపం అన్నారు, ఆడపడుచువి, నువ్వు మాత్రం చేతులు తియ్యలేదు.

ఈసారి గుమ్మం నాది. అడ్డం నేను నిలబడతాను. ఆ ఫోన్ చేసినవాళ్ల పేరు నువ్వు చెప్పాలి, నీ నోటితో. మిగతావాళ్లందరినీ ముందే లోపలికి పంపించేస్తాను, ఇంకెవరికీ వినపడక్కర్లేదు. నాకు వినపడితే చాలు, చేతులు తీసేస్తాను.

నీ కోసం గుమ్మంలో నిలబడి ఉండే
వదిన భవాని